పెళ్లికీ వెళ్లికీ మధ్య సందు

తెలుగులో ‘ప’కీ ‘వ’కీ ఉన్న తేడా వెంట్రుకవాసి. ‘ప’ పైన కొంచెం తెరుచుకుని ఉంటుంది. ‘వ’ మూసుకుని ఉంటుంది. మిగతా ఒంపులన్నీ దాదాపు ఒకటే. ఆ కాస్త సందు పూడిపోయిందంటే ‘పెళ్లి’ కాస్తా ‘వెళ్లి’ అవుతుంది. ‘పాలు’ ‘వాలు’ అవుతాయి. ‘పాడు’ ‘వాడు’ అవుతుంది.

అచ్చులో అక్షరాలను తీర్చి కూర్చే విద్యను టైపోగ్రఫీ అంటారు. ఒకే పోలికతో గీసిన అక్షరాల కుటుంబం టైప్‌ఫేస్. డీటీపీ సెంటర్లో, ఫోన్లో అందరి నోటా వినిపించే మాట మాత్రం ఫాంటు. ఫలానా ఫాంటు బాగుంది అంటుంటారు. ఆ బాగు ఎక్కడుంది? ముందుగా వెతకాల్సింది ఇలాంటి సందుల్లోనే. కవల అక్షరాలను కలిసిపోకుండా నిలబెట్టేదే మంచి ఫాంటు. ఈ ప్రసంగంలో చెప్పేది ముఖ్యంగా ఈ ఒక్క మాటే.

దీన్ని పరీక్షించి చూడడానికి సూరత్ మంచి చోటు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చి అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వారిలో పద్మశాలీలు ఎక్కువ. లింబాయత్ వైపు వెళితే దుకాణం బోర్డు మీద గుజరాతీ పక్కనే తెలుగు కనిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం ప్రాథమిక పాఠశాలలు కూడా నడుపుతోంది. పెళ్లి పత్రికలు, గుడి ఉత్సవాల కరపత్రాలు, కులసంఘాల ఫ్లెక్సీలు తెలుగులో వేయించుకునేవారికి కొదవ లేదు. అయితే వాటిని కంపోజ్ చేసే కుర్రవాడికి తెలుగు చదవడం రాకపోవచ్చు. అతనికి అవి అక్షరాలు కావు, బొమ్మలు. పేచీ అక్కడే మొదలవుతుంది.

ఈ పేచీ సూరత్‌కు కొత్తది కాదు. మూడున్నర శతాబ్దాల కిందటిది. అప్పట్లో సూరత్ మొగలుల పెద్ద రేవు. ఈస్టిండియా కంపెనీకి అక్కడ వర్తక కోఠీ ఉండేది. కంపెనీకి దళారీగా ఉన్న భీమ్‌జీ పారేఖ్ అనే వర్తకుడికి 1670లో ఒక ఆలోచన వచ్చింది. పాత గ్రంథాలను అచ్చు వేయించాలి. అందుకు అచ్చుయంత్రం కావాలి, అది తెలిసిన మనిషి కావాలి. ఆ మాటే కంపెనీని అడిగాడు. 1674లో హెన్రీ హిల్స్ అనే ముద్రాపకుణ్ణి లండన్ నుంచి బొంబాయికి పంపారు. ఏడాదికి 50 పౌండ్ల జీతం. వెంట యంత్రం, ఇంగ్లీషు అక్షరాలు, కాగితం కూడా వచ్చాయి.

వచ్చాక అసలు సంగతి బయటపడింది. హిల్స్‌కు అచ్చు వేయడం వచ్చు. అక్షరాలు చెక్కడం రాదు. అవి రెండూ వేరు వేరు వృత్తులు. ఉక్కు కడ్డీ కొన మీద అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. దాన్ని రాగి ముక్కలో దిగగొట్టి మూస చెయ్యాలి. ఆ మూసలో సీసం కలిపిన లోహం పోయాలి. అప్పుడుగానీ ఒక్క అక్షరం చేతికి రాదు. భీమ్‌జీకి కావలసింది కంపెనీవాళ్లు ‘బనియా లిపి’ అని పిలిచిన లిపి. బనియాలంటే అక్కడి వర్తకులు. హిల్స్ ఆ లిపిని ఎన్నడూ చదివి ఎరగడు.

భీమ్‌జీ ఊరుకోలేదు. స్థానికులను పెట్టి తనే అక్షరాలు చేయించాడు. వాటితో అచ్చయిన కాగితాలు కొన్ని చూశామని, చక్కగా చదవను వీలుగా ఉన్నాయని సూరత్ కోఠీ అధికారులు లండన్‌కు రాశారు. కానీ పని బాగా ఆలస్యమవుతోందని, ఖర్చు మోయలేనంతగా ఉందని కూడా రాశారు. అక్షరాలు పోతపోసే మనిషిని పంపితే ఆ ఖర్చు భీమ్‌జీయే పెట్టుకుంటాడన్నారు. చివరకు ఆ ప్రయత్నం నిలవలేదు. డబ్బుంది, యంత్రం ఉంది, పట్టుదల ఉంది. లేనిదల్లా లిపి తెలిసి, లోహం కూడా తెలిసిన చెయ్యి. ఏ ఒంపు ముఖ్యమో, ఏ ఒంపు అలంకారమో చదివేవాడికే తెలుస్తుంది. చదవలేనివాడు రెండిటినీ ఒకేలా చెక్కుతాడు. అప్పుడు కవల అక్షరాలు కలిసిపోతాయి.

గుజరాతీ అచ్చు నిలదొక్కుకోవడానికి ఇంకో వందేళ్లకు పైగా పట్టింది. 1797లో ‘బాంబే కొరియర్’ పత్రికలో గుజరాతీ అక్షరాలతో ఒక ప్రకటన వెలువడింది. ఆ అక్షరాలు తయారుచేసింది ఆ అచ్చాపీసులో పనిచేసిన ఒక పార్సీ. 1812లో ఫర్దూన్‌జీ మర్జ్‌బాన్ బొంబాయిలో గుజరాతీ అచ్చాపీసు పెట్టాడు. 1814లో పంచాంగం అచ్చువేశాడు. 1822లో ‘ముంబయి సమాచార్’ పత్రిక ప్రారంభించాడు. ఆ పత్రిక ఇప్పటికీ వస్తోంది. ఈ ఫర్దూన్‌జీ పుట్టింది సూరత్‌లోనే, 1787లో. ఊరి వర్తకుడికి సాధ్యం కానిది ఊరి కుర్రవాడికి సాధ్యమైంది, అదీ పొరుగూళ్లో. సూరత్‌లోనూ మిషనరీల ముద్రణాలయం వచ్చింది. 1863లో ‘గుజరాత్ మిత్ర’ పత్రిక కూడా అక్కడే పుట్టింది.

గుజరాతీ లిపి సంగతి కొంచెం చెప్పుకోవాలి. దేవనాగరిలో అక్షరాలన్నిటికీ పైన ఒక అడ్డగీత ఉంటుంది. గుజరాతీలో అది లేదు. వర్తకుల లెక్కల పుస్తకాల్లో, ఉత్తరాల్లో చేతివేగానికి అలవాటుపడ్డ లిపి అది. అడ్డగీత గీస్తూ కూర్చుంటే బేరం దాటిపోతుంది. చాలాకాలం సాహిత్యానికి దేవనాగరి, లెక్కలకు ఈ లిపి అని వాడుక ఉండేది. అచ్చు వచ్చాక లెక్కల లిపే గెలిచింది.

గుజరాతీలోనూ కవలలు ఉన్నాయి. గుజరాతీ ‘ప’ అక్షరానికీ గుజరాతీ అయిదు అంకెకూ తేడా పట్టడం కష్టం. ‘ర’ అక్షరానికీ రెండు అంకెకూ అంతే. ‘క’, ‘ఫ’ దగ్గరి చుట్టాలు. సూరత్‌లో తెలుగు పిల్లలు వీటి దగ్గర తడబడితే తప్పు పిల్లలది కాదు. అలాగే గుజరాతీ కుర్రవాడు తెలుగు ‘ప’, ‘వ’ల దగ్గర తడబడితే తప్పు అతనిదీ కాదు. ఆ భారం ఫాంటు మొయ్యాలి.

ఇక తెలుగు కవలలను ఒక్కొక్కటిగా చూడాలి. వినేవారు ఈ అక్షరాలను మనసులో గీసుకుంటూ వింటే బాగుంటుంది. ‘ర’ గీయండి. గుండ్రం, పైన తలకట్టు. ఆ గుండ్రం నడుమ ఒక చుక్క పెట్టండి. అది ‘ఠ’ అయింది. చుక్క ఒక్కటే తేడా. ఆ చుక్క కనబడకపోతే ‘పాఠం’ ‘పారం’ అవుతుంది. ఇప్పుడు ‘ద’ గీయండి. అడుగున చిన్న నిలువు గీత పెడితే ‘ధ’. ఆ గీతతోపాటు కడుపులో చుక్క కూడా పెడితే ‘థ’. చుక్క జారిపోతే ‘కథ’ ‘కధ’ అవుతుంది. ‘ప’ అడుగున గీత పెడితే ‘ఫ’. గీత పోతే ‘ఫలం’ ‘పలం’ అవుతుంది. ‘మ’, ‘య’ తీసుకోండి. రెండిటికీ చివర తోక ఒకటే. తేడా అంతా ఎడమవైపు ముడిలో ఉంది.

అంటే తెలుగులో అర్థాన్ని మోసేవి పెద్ద పెద్ద ఒంపులు కావు. ఒక చుక్క, ఒక గీత, ఒక సందు. ఇవి చాలా చిన్నవి. చిన్నవి కనుక ముందుగా దెబ్బ తినేది ఇవే. ఫాంటు గీసేవాడు అక్షరాన్ని లావు చేస్తాడు. లావు చేసిన కొద్దీ లోపలి తెలుపు తగ్గుతుంది. ‘ఠ’లో చుక్క ఊపిరాడక గుండ్రానికి అంటుకుంటుంది. ‘ప’లో సందు మూసుకుపోతుంది. అందుకే బోల్డ్ అక్షరాల్లోనే ఫాంటు సత్తా తెలుస్తుంది. నేర్పున్నవాడు లావు చేసేటప్పుడు గుండ్రాన్ని కూడా కొంచెం వెడల్పు చేస్తాడు. చుక్కకు చోటిస్తాడు. సందును కావాలనే పెద్దది చేస్తాడు. మళ్లీ అదే మాట: కవల అక్షరాలను కలిసిపోకుండా నిలబెట్టేదే మంచి ఫాంటు.

దీన్ని దగ్గరగా చూడాలంటే పెళ్లి పత్రికే చాలు. మెరూన్ రంగు అట్ట. మీద బంగారు ఫాయిల్. మెరుపు అంటే మనవాళ్లకు మోజు. కాదనడానికి లేదు. కానీ ఫాయిల్‌ను వేడి అచ్చుతో అదిమి అంటిస్తారు. సన్నటి సందుల్లోకి కూడా ఆ రేకు పాకుతుంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో సిరా చిక్కబడ్డా అంతే, అక్షరం అంచులు దాటి కొంచెం ఒలుకుతుంది. కంప్యూటర్ తెర మీద స్పష్టంగా ఉన్న చుక్క అట్ట మీద మాయమవుతుంది. ‘పెళ్లి’లో ఎత్వం సరిగ్గా ఆ సందు మీదే కూర్చుంటుంది కనుక ప్రమాదం రెట్టింపు. అలాంటి అట్టకు సన్నగా, లోపల తెలుపు బాగా ఉన్న అక్షరం తీసుకోవాలి. లావాటి అక్షరం తీసుకుంటే సైజు పెంచాలి. పేర్లు ఎన్ని ఉన్నా సరే, అన్నీ ఒకే అట్ట మీద కుక్కాలన్న పట్టు వదులుకోవాలి. మామయ్య పేరు వెయ్యలేదని వచ్చే తగాదా వేరు. అది ఫాంటుతో తీరేది కాదు.

కవలల తర్వాత చూడాల్సింది అక్షరం కింద జరిగే వ్యవహారం. అంటే వత్తులు. సూరత్ బోర్డుల మీద ఎటు చూసినా కనిపించే మాట ‘వస్త్రం’. గుజరాతీలో కూడా అదే మాట, ‘వస్త్ర’. కానీ రెండు లిపుల్లో అది కూర్చునే తీరు వేరు. గుజరాతీలో ‘స’ తన నిలువు గీత పోగొట్టుకుని సగమై నిలుస్తుంది. పక్కన ‘త్ర’ వస్తుంది. అంతా పక్కపక్కనే. ఎత్తు పెద్దగా పెరగదు. తెలుగులో ‘స’ మొత్తంగా నిలబడుతుంది. దాని కింద త వత్తు. ఆ వత్తు పక్కనో కిందనో క్రావడి. గుజరాతీ అడ్డంగా సర్దుకుంటుంది. తెలుగు నిలువుగా పెరుగుతుంది. ‘స్త్రీ’ అని రాస్తే పైన గుడిదీర్ఘం కూడా చేరి ఇంకా ఎత్తవుతుంది.

బోర్డు చేసేవాడు రెండు భాషలకూ సమానంగా చోటు పంచుతాడు. గుజరాతీకి ఒక అడుగు ఎత్తు, తెలుగుకు ఒక అడుగు ఎత్తు. చూడడానికి న్యాయంగానే ఉంది. కానీ తెలుగు వరుసలో ఆ అడుగులోనే పైన గుడులు, కింద వత్తులు ఇమడాలి. అసలు అక్షరం కుంచించుకుపోతుంది. రోడ్డు అవతలి నుంచి చూస్తే గుజరాతీ కనిపిస్తుంది, తెలుగు మసగ్గా ఉంటుంది. తెలుగును చిన్నచూపు చూశారని కొందరు నొచ్చుకుంటారు. నిజానికి అది చిన్నచూపు కాదు, లెక్క తప్పడం. సమానంగా ఉండాల్సింది మొత్తం ఎత్తు కాదు. ‘వ’ అక్షరం ఒంటి ఎత్తు గుజరాతీలో ఎంత ఉందో తెలుగులోనూ అంత ఉండాలి. దానికి తగ్గట్టు తెలుగు వరుసకు ఎక్కువ చోటివ్వాలి. వరుసకూ వరుసకూ మధ్య కూడా సందు పెంచాలి. లేకపోతే పై వరుస వత్తు వచ్చి కింది వరుస గుడికి గుద్దుకుంటుంది.

పక్కపక్క అక్షరాల మధ్య సందు మరో సంగతి. మగ్గం తెలిసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. పడుగులో పోగులు ఒకచోట దగ్గరై, మరోచోట ఎడమైతే గుడ్డ మీద చార కనిపిస్తుంది. పోగు నాణ్యత ఎంత మంచిదైనా ఆ చార దాగదు. అక్షరాల వరుస కూడా అలాంటిదే. ‘ల’ పక్కన ‘ళ’ ఎంత దూరంలో ఉందో, ‘ర’ పక్కన ‘ఠ’ చూపుకు అంతే దూరంలో ఉన్నట్టుండాలి. కొలబద్దతో కొలిస్తే సమానంగా ఉండనక్కర్లేదు. కంటికి సమానంగా ఉంటే చాలు.

ఇప్పుడు దొరికే ఫాంట్ల గురించి. ఒకప్పుడు తెలుగు కంపోజిటర్ ముందు వందల గళ్ల కేసు ఉండేది. ఒక్కో గడిలో ఒక్కో సీసపు అక్షరం, గుణింతం, వత్తు. ఎంపికకు ఆస్కారం తక్కువ. అచ్చాపీసులో ఏ టైపు ఉంటే అదే. పుస్తకాల మీద పేర్లు, సినిమా టైటిళ్లు మాత్రం చేత్తో రాసేవారు. ఆ చేతుల్లో చిత్రకారుడు బాపుది ప్రత్యేకం. బొమ్మ ఎంత సులువుగా గీసినట్టుంటుందో అక్షరమూ అంత సులువుగా వంకర తిరిగి ఉంటుంది. తర్వాత ఆ రాతను ఫాంటుగా కూడా చేశారు. ఇవాళ శుభలేఖల్లో, పత్రికల శీర్షికల్లో అది ఎంతగా కనిపిస్తుందంటే, కొన్నిచోట్ల విసుగే పుట్టిస్తుంది. అది తలుపు మీద పేరుకు బాగుంటుంది. మందుల చీటీకి కాదు.

కంప్యూటర్ వచ్చాక సూరత్‌లో గుజరాతీ, తెలుగు మళ్లీ పక్కపక్కన చేరాయి. విండోస్ ఎక్స్‌పీతో గుజరాతీకి ‘శ్రుతి’, తెలుగుకు ‘గౌతమి’ ఫాంట్లు వచ్చాయి. వాటి వెనక ఉన్నది అక్షరశిల్పి ఆర్.కె. జోషి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన పేర్లతో ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. సిలికానాంధ్ర సంస్థ పూనికతో వచ్చిన ఫాంట్లకు సూరన, పెద్దన, ధూర్జటి, గురజాడ, గిడుగు అని పేర్లు పెట్టారు. వాటిలో ‘రామభద్ర’ బాగా లావు, శీర్షికలకే పనికొస్తుంది. దానితో పేరా మొత్తం నింపితే కళ్లు అలిసిపోతాయి.

ముంబైలోని ఏక్ టైప్ సంస్థ ‘బాలూ’ అనే కుటుంబాన్ని చేసింది. బొద్దుగా, మూలలు గుండ్రంగా ఉండే అక్షరాలు. ఒక్కో లిపికి ఒక్కో వరస పెట్టి పిలిచారు. గుజరాతీకి ‘బాలూ భాయ్’, తెలుగుకు ‘బాలూ తమ్ముడు’. రెండు భాషల బోర్డుకు ఇలాంటి అన్నదమ్ములు బాగా కుదురుతారు. లావు ఒకటే, పోకడ ఒకటే. ఒక భాష పలచగా, ఇంకో భాష మోటుగా కనిపించే బాధ ఉండదు. గుజరాత్ వీధుల్లో చేత్తో రాసిన బోర్డుల స్ఫూర్తితో వచ్చిన ‘శ్రీఖండ్’ కూడా కంటికి పండుగే. జానీ పిన్‌హార్న్ గీశారు. కాకపోతే అందులో తెలుగు లేదు.

పుస్తకం చదువుకోవడానికి వేరే తరహా కావాలి. మూర్తి క్లాసికల్ లైబ్రరీ వరుసలో 2015లో అల్లసాని పెద్దన మనుచరిత్ర వెలువడింది. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీషు. ఆ గ్రంథమాల కోసం ఫియోనా రాస్, జాన్ హడ్సన్ చేసిన అక్షరాలే తర్వాత ‘టైరో తెలుగు’ పేరుతో అందరికీ ఉచితంగా అందాయి. ఇద్దరికీ తెలుగు మాతృభాష కాదు. లిపిని ఏళ్ల తరబడి పరిశీలించిన అనుభవం ఉంది. హిల్స్‌కు లేనిది అదే. పుట్టుక కన్నా పరిచయం ముఖ్యమని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇన్నిటిలో ఏది తీసుకోవాలి? అందుకు అయిదు మాటలు కంపోజ్ చేయించి చూస్తే చాలు. పెళ్లి. వెళ్లి. పాఠం. కథ. వస్త్రం. ఇంకోసారి: పెళ్లి, వెళ్లి, పాఠం, కథ, వస్త్రం. మొదటి రెండిటితో ‘ప’, ‘వ’ల సంగతి తేలుతుంది. తర్వాతి రెండిటితో చుక్కల సంగతి, చివరిదానితో వత్తుల సంగతి తేలతాయి. ఈ మాటలను తెర మీద పెద్దగా చూడకూడదు. అసలు అచ్చయ్యే సైజులోనే కాగితం మీద తీయించాలి. పత్రికైతే చేతి దూరంలో, బోర్డైతే రోడ్డు అవతల నుంచి చూడాలి. ఇంట్లో చత్వారం వచ్చిన పెద్దవారు ఉంటే కళ్లద్దాలు లేకుండా వారి చేత చదివించాలి. వారు తడబడిన చోట ఫాంటు తప్పింది.

‘వస్త్రం’ దగ్గర ఇంకో గండం ఉంది. యూనికోడ్ పద్ధతిలో కంప్యూటర్ అందులోని ‘స్త్ర’ను ముక్కలుగానే దాచుకుంటుంది. ‘స’, పొల్లు, ‘త’, పొల్లు, ‘ర’. వాటిని కలిపి వత్తులుగా చూపించే పని సాఫ్ట్‌వేర్ది. పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని ఆ పని చెయ్యవు. అప్పుడు పొల్లులు పొల్లులుగానే అచ్చవుతాయి. అక్షరాలు విడివిడిగా, మాట ముక్కచెక్కలుగా కనిపిస్తుంది. తెలుగు రాని కుర్రవాడికి అది తప్పని తెలిసే వీల్లేదు. ‘అను’ వంటి, యూనికోడ్ కాని పాత ఫాంట్ల గొడవ వేరు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు వస్తాయి.

దీనికి డీటీపీ వాళ్లు వాడే ఉపాయం ఒకటి ఉంది. తెలుగు సరిగ్గా కనబడే కంప్యూటర్లో మాటలు కూర్చి, వాటిని కర్వ్స్‌గా మార్చి ఇస్తారు. అంటే అక్షరాలు బొమ్మలైపోతాయి. ఆ తర్వాత ఏ యంత్రంలో తెరిచినా రూపు మారదు. సైజు ఎంత పెంచినా అంచులు చెడవు. సూరత్‌లోని షాపుకు తెలుగు తెలియకపోయినా ఇబ్బంది లేదు. కానీ ఒకసారి కర్వ్స్ అయ్యాక అక్షరదోషం దిద్దడం కుదరదు. మళ్లీ మొదటి నుంచి కంపోజ్ చెయ్యాల్సిందే. కాబట్టి ప్రూఫు అంతకుముందే, కాగితం మీద, తెలుగు చదవగలిగిన ఇద్దరి చేత చూపించాలి. ఒకరు పేర్లు, తేదీ, ముహూర్తం చూస్తారు. రెండోవారు చుక్కలు, గీతలు, సందులు చూస్తారు.